కుబ్జ విష్ణువర్ధనుడు

కుబ్జ విష్ణువర్ధనుడు (పాలన: సుమారు సా.శ. 624 - 641) తూర్పు చాళుక్య వంశ స్థాపకుడు. ఈయన బాదామి చాళుక్య చక్రవర్తి రెండవ పులకేశికి తమ్ముడు. విషమసిద్ధి ఈయన బిరుదు.

పులకేశి తూర్పు తీరంపై దండెత్తి పిష్టపురమును (నేటి పిఠాపురం) జయించాడు. కునాల సరస్సు (కొల్లేరు) వద్ద ఘోరయుద్ధం జరిగినట్లు 634-35 నాటి ఐహోళె శాసనం తెలుపుచున్నది. గెలిచిన దేశాన్ని విష్ణువర్ధనుడు మొదట అన్నగారి ప్రతినిధిగా పాలించి, తరువాత స్వతంత్రుడయ్యాడు. ఏలూరు సమీపంలోని వేంగి (నేటి పెదవేగి) ఈ వంశానికి రాజధాని అయినది. రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని జైన వసదికి గ్రామదానం చేసింది.

642లో పులకేశి పల్లవుల చేతిలో ఓడిపోగా బాదామి పతనమైనది. వేంగి మాత్రం నిలిచినది. 11వ శతాబ్దంలో ఈ వంశీయుడైన రాజరాజ నరేంద్రుని ఆస్థానంలోనే నన్నయ ఆంధ్ర మహాభారత రచనకు పూనుకున్నాడు.