గ్లూటాథయోన్ పరిశోధకుడు హాప్కిన్స్

విటమినుల చరిత్ర చదివిన విద్యార్థులకు సర్ ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్ నామం సుపరిచితమే. యౌవనం నిలుపుతాయని చెప్పి చార్మినార్ పరిసరాల అంగళ్ళలో సైతం నేడు అమ్ముతున్న క్రీములపై, మాత్రలపై కనిపించే గ్లూటాథయోన్‌కు ఆ పేరు పెట్టినవారు కూడా ఆయనే. అందుచేత ఆ మహనీయుని జీవితాన్ని ఇక్కడ స్మరించదలచాము.

ఆయన 1861లో ఇంగ్లండులోని ఈస్ట్‌బోర్న్‌లో జన్మించారు. శైశవంలోనే తండ్రి గతించారు. కొంతకాలం భీమా కార్యాలయంలో, పిదప రసాయన విశ్లేషకునిగా పనిచేసి, ముప్పై ఏళ్ళు దాటిన తరువాత వైద్యపట్టా పొందారు. 1898లో కేంబ్రిడ్జి చేరారు.

1912లో ప్రకటించిన ఎలుకల ప్రయోగం ఆయన పద్ధతికి నిదర్శనం. శుద్ధిచేసిన ఆహారం మాత్రమే తిన్న ఎలుకల ఎదుగుదల ఆగిపోయింది. దానితోపాటు రోజూ కాసిని పాలు తాగినవి పెరిగాయి. ఆయన అంతటితో తృప్తిపడలేదు. 18వ రోజున పాలను ఒక గుంపు నుంచి రెండవ గుంపుకు మార్చారు. ఫలితం కూడా తారుమారైంది! సందేహానికి చోటులేకుండా చేసే నేర్పు అంటే ఇదే కదా.

1921లో ఈస్టు నుంచి, కండరాల నుంచి గ్లూటాథయోన్‌ను వేరుచేసి, అది గ్లుటామికామ్లం, సిస్టీన్ అనే రెండింటి కలయిక అని ప్రకటించారు. 1927లో ఇతర పరిశోధకులు ఆక్షేపించారు. అరవై ఏడేళ్ళ వయసులో ఆయన మళ్ళీ ప్రయోగశాలలో కూర్చుని, దానిని స్ఫటికరూపంలో సాధించి, గ్లైసిన్ అనే మూడవ అంశం కూడా ఉన్నదని 1929లో తామే ప్రకటించారు. విటమినుల కృషికి ఐక్మన్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నదీ ఆ సంవత్సరమే. 1947లో కీర్తిశేషులయ్యారు.

ఇక చర్మం మాట. గ్లూటాథయోన్‌ను మన కణాలు స్వయంగా తయారు చేసుకుంటాయి. అందలి గంధకం ఆక్సీకరణ దెబ్బను తాను భరించి కణాన్ని కాపాడుతుంది. ఇది నిర్వివాదం. అయితే మాత్రగా మింగినది చాలావరకు జీర్ణకోశంలోనే విడిపోతుంది. పరీక్షనాళికలోని గుణం ముడుతలకు సాక్ష్యం కాజాలదు. 2017లో 60 మంది స్త్రీలపై 12 వారాలు జరిపిన పరీక్షలో ముడుతలు కొంత తగ్గినట్లు ప్రకటించారు. ఏళ్ళతరబడి సాగే వార్ధక్యాన్ని గురించి తీర్పు చెప్పడానికి ఆ సంఖ్య, ఆ గడువు చాలవని మా అభిప్రాయం. చర్మపు రంగు కోసం నరంలోకి ఎక్కించే సూదిమందు విషయంలోనైతే, మూత్రపిండాలకు, కాలేయానికి హాని కలుగవచ్చునని ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ ప్రజలను హెచ్చరించి ఉన్నది.