హృద్రోగ నిపుణుడు జేమ్స్ హెరిక్

హృదయము దేహమంతటికిని రక్తమును పంపును. కాని తన పోషణమునకు రెండు సన్నని ధమనులనే నమ్ముకొనియున్నది. వానిలో రక్తము గడ్డకట్టి దారి మూసికొనిపోయినచో రోగి తత్‌క్షణమే మరణించునని వైద్యులు చిరకాలము తలచిరి. ఆ తలంపును మార్చిన మహనీయుడు హెరిక్.

ఆయన 1861లో అమెరికాలో, చికాగో నగరము చెంతనున్న ఓక్ పార్కున జన్మించెను. కొంతకాలము బడిపంతులుగా నుండి, పిదప రష్ వైద్యకళాశాలలో చదివి 1888లో పట్టము పొందెను. కొడవలి ఆకారపు రక్తకణముల రోగమును 1910లో తొలుత వర్ణించినవాడును ఆయనయే.

ఏబదియైదేండ్ల రోగి యొకడు భోజనమైన గంటకు గుండెకడ నొప్పి పుట్టి, ఏబదిరెండు గంటలు బ్రతికి మరణించెను. శవపరీక్షలో హృదయధమని పూడియుండుట తేటపడెను. ధమని పూడినను అంతసేపు ప్రాణము నిలిచినదిగదా! కావున కొందఱు పూర్తిగ కోలుకొనవచ్చుననియు, అట్టివారికి మంచముపై సంపూర్ణ విశ్రాంతి యొసగవలెననియు హెరిక్ 1912లో ప్రకటించెను.

విన్నవారిలో పెక్కురు పెదవి కదపలేదు. ఆయన విసుగుచెందలేదు. ఆఱేండ్లు బోధించుచునే యుండి, 1918లో హృదయ విద్యుత్‌రేఖాచిత్రములను సాక్ష్యముగా చూపెను. అంతట లోకము చెవియొగ్గెను. నాడు ఉదరశూలయని పొరబడుచుండిన వ్యాధిని నేడు పల్లెవాసులును గుండెపోటని గుర్తించుచున్నారు.

డెబ్బదియేండ్లు దాటియు ఆయన ప్రాచీనాంగ్లకవియగు చాసరును చదువుచు, ఏల చదువుచుంటినో వివరించుచు వ్యాసము వ్రాసెను. 1954లో కీర్తిశేషుడయ్యెను. రోగి శయ్యకడ శ్రద్ధగ చూచిన కన్నులును, పుస్తకమును విడువని చేతులును ఆయనకు పెట్టని సొమ్ములు.