మరంగ్ గోమ్కే పార్లమెంటుకు ఎందుకు పోటీ చేశారు?

జనవరి 3 జైపాల్ సింగ్ ముండా గారి జయంతి. ఆ రోజు మనం ఆయన ఫొటోకు దండ వేస్తాం. 1928 ఒలింపిక్స్‌లో మన దేశానికి హాకీ బంగారు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ అని చెప్పుకుంటాం. అది చెప్పుకోవలసిన సంగతే. కానీ ఈ సంచికలో మేం ఇంకో ప్రశ్న తీసుకున్నాం. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, సంస్థానంలో మంత్రిగా పనిచేసి, రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి 1952లో ఓటు అడుగుతూ ఊళ్లు తిరగవలసిన అవసరం ఏమొచ్చింది?

ఆయన 1903లో ఇప్పటి ఝార్ఖండ్‌లోని ఖూంటీ దగ్గర టక్రా అనే ముండా ఊళ్లో పుట్టారు. చిన్ననాటి పేరు ప్రమోద్ పహాన్. పహాన్ అంటే ముండాల ఊళ్లలో గ్రామదేవతలకు పూజ చేసే మనిషి, గోండు గూడేల్లో దేవారి లాగా. పశువులు కాసే ఊరి నుంచి రాంచీలోని సెయింట్ పాల్స్ బడికి వచ్చారు. అక్కడి ప్రిన్సిపాల్ పిల్లవాడి తెలివి చూసి ఇంగ్లండుకు తీసుకెళ్లారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన అర్థశాస్త్రం చదివారు, హాకీలో పేరు తెచ్చుకున్నారు, ఐసీఎస్‌కు ఎంపికయ్యారు. ఆ రోజుల్లో ఐసీఎస్ అంటే జిల్లాకు దొర.

1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లడానికి సెలవు అడిగితే ఇవ్వలేదు. ఆయన సెలవు లేకుండానే వెళ్లారు. తిరిగొచ్చాక శిక్షణ ఇంకో ఏడాది చేయాలన్నారు. ఆయన ఆ ఉద్యోగాన్నే వదిలేశారు. జట్టు ఆ పోటీల్లో 29 గోల్స్ చేసి ఒక్కటి కూడా ఇవ్వలేదు. అయితే మేనేజరుతో పొసగక ఆయన ఫైనల్ ఆడకుండానే వెళ్లిపోయారన్నది మన సభల్లో ఎవరూ చెప్పరు. ఆయన్ను తెలుసుకోవాలంటే ఇదీ తెలియాలి. తలవంచడం ఆయనకు చేతకాదు, ఒక్కోసారి దాని వల్ల నష్టపోయారు కూడా.

ఆ తర్వాత కొన్నేళ్లు చమురు కంపెనీలో, ఆఫ్రికాలోని అచిమోటా కాలేజీలో, రాయ్‌పూర్ రాజ్‌కుమార్ కాలేజీలో, బికనీర్ సంస్థానంలో గడిచాయి. జీతాలు మంచివే. అవన్నీ పక్కనపెట్టి 1939 జనవరిలో రాంచీలో ఆదివాసీ మహాసభకు అధ్యక్షత వహించారు. అప్పటి నుంచి జనం ఆయన్ను మరంగ్ గోమ్కే అన్నారు. ముండారీలో పెద్ద నాయకుడు అని అర్థం.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభకు వెళ్లారు. లక్ష్యాల తీర్మానం మీద మాట్లాడుతూ, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం కొత్తగా నేర్పనక్కర్లేదని, వాళ్ల దగ్గరే మిగిలినవాళ్లు నేర్చుకోవాలని చెప్పారు. ఆదివాసీ స్త్రీలకూ అక్కడ చోటు ఉండాలన్నారు. మనల్ని షెడ్యూల్డు తెగలు అని కాకుండా ఆదివాసీలు అని రాయమని పట్టుబట్టారు. మద్యనిషేధం చర్చకు వచ్చినప్పుడు, బియ్యంతో ఇంట్లో పులియబెట్టే హండియా మా పూజలో, పండగలో భాగమని నిలబడి వాదించారు. మన దగ్గర ఇప్పసారా, జీలుగు కల్లు సంగతి తెలిసినవాళ్లకు ఆ వాదన ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు. ఆదివాసీ అన్న మాట రాజ్యాంగంలో చేరలేదు. ఐదో షెడ్యూలు ముసాయిదాలో గిరిజన సలహా మండలి మాటకు బలం ఎక్కువ ఉండేది. చివరికి వచ్చేసరికి అది సలహాగా మిగిలింది, నిర్ణయం గవర్నరు చేతికి వెళ్లింది. పాడేరు, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లో ఈ రోజు మన భూమికి కాపలాగా ఉన్నది ఆ షెడ్యూలే.

ఇక్కడే మా ప్రశ్నకు జవాబు మొదలవుతుందని మేం అనుకుంటున్నాం. రాజ్యాంగ సభ సభ్యులను జనం నేరుగా ఎన్నుకోలేదు, ప్రాంతాల శాసనసభలు పంపాయి. అంటే కోట్లమంది ఆదివాసీల తరఫున మాట్లాడుతున్న మనిషి చేతిలో ఒక్క ఆదివాసీ వేసిన ఓటు కూడా లేదు. నువ్వు ఎవరి తరఫున అని ఎవరైనా అడిగితే చూపించడానికి ఏముంది?

ఈలోగా 1948 జనవరి 1న ఖర్సవాన్‌లో ఘోరం జరిగింది. తమ సంస్థానాన్ని ఒరిస్సాలో కలపడం వద్దని సంత రోజున గుమిగూడిన ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎంతమంది పోయారన్న లెక్క నేటికీ తేలలేదు. స్వాతంత్ర్యం వచ్చి ఐదు నెలలు కూడా నిండలేదు. సంతలో ఎంతమంది కూడినా వాళ్లను గుంపుగానే చూశారు. అదే జనం ఓట్లుగా లెక్కకు వస్తే ఎవరూ కాదనలేరు.

1950లో ఆదివాసీ మహాసభ ఝార్ఖండ్ పార్టీగా మారింది. ఆదివాసీలు కానివారికీ తలుపు తెరిచింది. ప్రత్యేక రాష్ట్రం కావాలన్నది ప్రధాన కోరిక. గుర్తు కోడిపుంజు. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన పెట్టె వేరుగా ఉండేది. చదువు రానివాళ్లు కూడా తమ పుంజు బొమ్మ ఉన్న పెట్టెను వెతుక్కుని ఓటు వేయగలిగారు. జైపాల్ సింగ్ గారు రాంచీ వెస్ట్ నుంచి లోక్‌సభకు గెలిచారు. పార్టీకి లోక్‌సభలో 3 స్థానాలు, బీహార్ శాసనసభలో 30కి పైగా వచ్చాయి. అక్కడ ప్రధాన ప్రతిపక్షం అదే అయింది. ఎవరి తరఫున అన్న ప్రశ్నకు జవాబు దొరికింది.

రాష్ట్రం మాత్రం రాలేదు. ఈ ప్రాంతానికి ఒకే భాష లేదని, ఆదివాసీలు సగం కూడా లేరని 1955లో రాష్ట్రాల పునర్విభజన కమిషన్ కాదన్నది. తర్వాత పార్టీ బలం తగ్గుతూ వచ్చింది. 1963లో ఆయన దాన్ని కాంగ్రెస్‌లో కలిపేశారు. దీని మీద మా సంఘంలో రెండు అభిప్రాయాలున్నాయి. లోపలికి వెళ్తేనే రాష్ట్రం సాధించగలనని ఆయన నమ్మారని కొందరంటారు. పుంజు గుర్తు మీద ఓటు వేసినవాళ్లను అడగకుండా ఆ గుర్తును ఇచ్చేశారని ఇంకొందరంటారు. రెండో మాటకే మేం ఎక్కువ బరువిస్తాం. జనం ఓటే తన బలమని నిరూపించిన మనిషి ఆ బలాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం మాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆయన 1970 మార్చి 20న చనిపోయారు. అప్పటికీ లోక్‌సభ సభ్యులే.

ఇప్పుడు లోక్‌సభలో ఎస్టీలకు 47 స్థానాలున్నాయి. మనకు అరకు, ఆదిలాబాద్, మహబూబాబాద్. వచ్చే ఎన్నికల్లో మీలో చాలామంది మొదటిసారి ఓటు వేస్తారు. ఒకరిద్దరు నామినేషన్ కూడా వేస్తారేమో. అలాంటివాళ్లను ఊళ్లో పెద్దలు అడిగే మొదటి మాట, ఎందుకు నిలబడుతున్నావని. 1952లో టక్రా మనిషి దగ్గర దానికి జవాబు ఉంది.

ఝార్ఖండ్ రాష్ట్రం 2000 నవంబరు 15న, బిర్సా ముండా జయంతి రోజున ఏర్పడింది. జైపాల్ సింగ్ గారు అడిగిన ఒరిస్సా, బెంగాల్, మధ్యప్రదేశ్ జిల్లాలు అందులో లేవు. ఆ సంతలో జనం ప్రాణాలు పోగొట్టుకున్న ఖర్సవాన్ మాత్రం ఉంది.