డెల్టా కాలువల రూపశిల్పి సర్ ఆర్థర్ కాటన్

గోదావరి డెల్టాను సస్యశ్యామలం గావించిన సర్ ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. సైనిక ఇంజనీరుగా శిక్షణ పొంది 1821లో మద్రాసు చేరుకున్నారు. 1836లో కొల్లిడం నదిపై ఎగువ ఆనకట్ట నిర్మించి తంజావూరు కాలువలకు నీటి సరఫరాను స్థిరపరిచారు. ఈ అనుభవమే ఆయనకు గోదావరి వద్ద మార్గదర్శకమైంది.

అంతకుపూర్వం గోదావరి డెల్టాలో ఉన్నవి ప్రధానంగా వరద కాలువలు. నదీమట్టం పెరిగినప్పుడే వాటిలోకి నీరు ప్రవేశించేది. వరద తీయగానే అవి ఎండిపోయేవి. 1833 నాటి కరవు ఈ ప్రాంతాన్ని కుంగదీసింది. 1821-1841 మధ్య రాజమండ్రి జిల్లా జనాభా గణనీయంగా తగ్గింది. నది మాత్రం ఏటా సముద్రంలో కలుస్తూనే ఉండేది.

లోపం కాలువలో కాక, దానికి నీరందే తీరులో ఉన్నదని కాటన్ గుర్తించారు. ధవళేశ్వరం వద్ద నది లంకల నడుమ నాలుగు పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇది జలాశయం కాదు. నీటిమట్టాన్ని పెంచి, తూముల ద్వారా తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల ప్రధాన కాలువలకు మళ్లించే కట్టడం. డెల్టాలో నదీతీరం మెరక, దూరం పోయేకొద్దీ పల్లం. అందువల్ల మెరక వెంబడి సాగిన ప్రధాన కాలువల నుండి పిల్ల కాలువలకు, పొలాలకు నీరు తనంత తానే పారుతుంది. లాకుల ఏర్పాటుతో అవే కాలువలు పడవల రాకపోకలకూ ఉపకరించాయి. పనుల నడుమ కాటన్ అనారోగ్యంతో సెలవుపై వెళ్లగా, కెప్టెన్ ఓర్ బాధ్యత వహించారు. కూలీల సమీకరణలో వీణం వీరన్న సేవలు చిరస్మరణీయం.

కాటన్ ప్రతి ఆలోచనా ఫలించలేదన్నది కూడా వాస్తవమే. ఆయన ప్రోత్సహించిన తుంగభద్ర పథకంలో భాగంగా మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు-కడప కాలువను తవ్వించింది. నల్లరేగడి రైతులు ఆశించినంతగా నీరు తీసుకోకపోవడంతో కంపెనీ నష్టపోగా, 1882లో ప్రభుత్వం కాలువను స్వాధీనం చేసుకుంది. నీరుండటం వేరు, ఆ నేలకు అది అవసరమై ఉండటం వేరు.

1861లో సర్ బిరుదు పొందిన కాటన్, రైలు మార్గాల కన్నా జలమార్గాలే ఈ దేశానికి మేలని చివరివరకు వాదించారు. 1899 జూలై 24న ఇంగ్లండులోని డోర్కింగులో కన్నుమూశారు. పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు.