డార్విన్ జేబులో నోట్‌బుక్



జూన్ వచ్చింది. మీ పిల్లల బ్యాగులోకి కొత్త స్కూల్ డైరీ కూడా వచ్చింది. మొదటి వారం అందరూ ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు. ఆగస్టు వచ్చేసరికి ఆ పేజీల్లో ఏముంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మ్యాథ్స్ ఎక్సర్‌సైజ్ నంబరు, కింద మీ సంతకం. వారం మొత్తానికీ ఒకే రాత్రి, ఒకే పెన్నుతో పెట్టిన సంతకాలు కూడా నేను చూశాను. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు లెండి. నేను సరదా పడి కొనుక్కున్న డైరీ కూడా జనవరి రెండో వారంలోనే ఆగిపోయింది.

అందుకే ఈ నెల జీవిత కథకు చార్లెస్ డార్విన్‌ను ఎంచుకున్నాను. పరిణామ సిద్ధాంతం గురించి సైన్స్ టీచర్లు చెబుతారు. నేను మీకు చెప్పాలనుకున్నది ఆయన నోట్‌బుక్‌ల గురించి. ప్రయాణానికి ఒకటి, చదివిన పుస్తకాలకు ఒకటి, ఇంటి ఖర్చులకు ఒకటి, ఆరోగ్యానికి ఒకటి, ఆఖరికి ఇంట్లో పుట్టిన పసిబిడ్డకు కూడా ఒకటి. ఆయన జీవితం మొత్తం అలా కాగితాల మీదే నడిచింది.

చార్లెస్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టాడు. తండ్రి రాబర్ట్ పేరున్న డాక్టరు. ఎనిమిదేళ్ల వయసులో తల్లి పోయింది. స్కూల్లో గ్రీకు, లాటిన్ పద్యాలు బట్టీ పట్టించేవారు. రెండు రోజులు తిరక్కుండానే అవి గాలికి పోయేవి. ఇంట్లో అన్నతో కలిసి కెమిస్ట్రీ ప్రయోగాలు చేస్తుంటే తోటి పిల్లలు గ్యాస్ అని పేరు పెట్టి ఏడిపించారు. పనికిరాని వాటి మీద టైమ్ పాడుచేస్తున్నావని హెడ్‌మాస్టర్ అందరి ముందూ మందలించారు. వేట, కుక్కలు, ఎలుకలు పట్టడం తప్ప వీడికి ఇంకేమీ పట్టదని, తనకూ కుటుంబానికీ తలవంపులు తెస్తాడని తండ్రి ఒకరోజు కోపంగా అనేశారు.

పిల్లల మీద విసుగొచ్చినప్పుడు మన నోటి నుంచి కూడా ఇలాంటి మాటలు జారుతుంటాయి. ఆ మాటను డార్విన్ ముసలితనంలో కూడా మరిచిపోలేదు. 1876లో తన పిల్లల కోసం రాసిన ఆత్మకథలో దాన్ని పెట్టారు. అక్కడే, నాన్న అంత దయగల మనిషిని తాను చూడలేదని, ఆ రోజు కోపంలో కొంచెం అన్యాయంగా మాట్లాడి ఉంటారని కూడా చేర్చారు.

ఆ వేట పిచ్చిలో కూడా ఒక విషయం ఉంది. ఒక సీజన్‌లో తాను కొట్టిన ప్రతి పక్షికీ చార్లెస్ లెక్క రాసుకునేవాడు. తుపాకీ చేతిలో ఉండగా రాయడం కుదరదు కదా, అందుకని కోటు గుండీ రంధ్రానికి ఒక దారం కట్టుకుని, పక్షి పడ్డప్పుడల్లా ఒక ముడి వేసేవాడు. ఇది చూసి స్నేహితులు ఒక నాటకం ఆడారు. అతను కాల్చగానే వాళ్లలో ఒకడు తుపాకీ నింపుకుంటున్నట్టు నటిస్తూ, అదే పక్షిని నేనూ కాల్చాను, నీ లెక్కలో వేసుకోవద్దు అనేవాడు. పక్కన ఉన్న పనివాడు కూడా వాళ్లకే వంత పాడాడు. కొన్ని గంటల తర్వాత అసలు సంగతి చెప్పి అందరూ నవ్వారు. చార్లెస్‌కు మాత్రం నవ్వు రాలేదు. చాలా పక్షులే కొట్టాడు, కానీ ఎన్నో తెలియదు, లెక్కలో రాసుకోవడం కుదరదు!

తండ్రి ఎడిన్‌బరోలో మెడిసిన్‌కు పంపారు. అప్పటికి మత్తుమందు రాలేదు. ఒక పిల్లవాడికి చేస్తున్న ఆపరేషన్ చూడలేక చార్లెస్ మధ్యలోనే బయటికి పరుగెత్తాడు. ఆ చదువు అక్కడితో సరి. చర్చిలో ఉద్యోగమైనా చేస్తాడని కేంబ్రిడ్జ్‌కు పంపితే అక్కడ పురుగులు సేకరించాడు. 1831లో డిగ్రీ అయింది. అదే ఏడాది, ప్రపంచం చుట్టి వచ్చే బీగిల్ అనే ఓడలో వెళ్లే అవకాశం వచ్చింది. తండ్రి వద్దన్నారు. అప్పుడు ఆ కుర్రాడు ఏం చేశాడో చూడండి. అలగలేదు, వాదించలేదు. నాన్నకున్న అభ్యంతరాలు మొత్తం ఎనిమిదిని వరుసగా ఒక కాగితం మీద రాసి మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్ ముందు పెట్టాడు. మేనమామ ఒక్కోదానికీ సమాధానం రాసి బావగారికి పంపారు. తండ్రి ఒప్పుకున్నారు. డిసెంబరు 27న ఓడ బయల్దేరింది. చార్లెస్‌కు 22 ఏళ్లు.

ఓడలో దాదాపు అయిదేళ్లు. ఒడ్డుకు దిగినప్పుడల్లా జేబులో పట్టేంత చిన్న నోట్‌బుక్, పెన్సిలు వెంట ఉండేవి. కొండ ఎక్కుతూ, గుర్రం మీద వెళుతూ రెండు మూడు ముక్కలు గీకేసుకునేవాడు. ఓడకు తిరిగొచ్చాక వాటిని చూస్తూ ఇంకుతో వివరంగా రాసేవాడు. రాళ్ల సంగతి ఒకచోట, జంతువుల సంగతి ఒకచోట, రోజు ఎలా గడిచిందనేది డైరీలో. ఆ డైరీ భాగాలను ఇంటికి పంపితే అక్కచెల్లెళ్లు, నాన్న చదివేవారు. పిల్లలకు ఎస్సే రాయడం నేర్పేటప్పుడు నేను ఎంత చెప్పినా ఎక్కని విషయం ఇదే. ముందు చిత్తు, తర్వాత ఫెయిర్. చిత్తులో అక్షరాలు బాగుండక్కర్లేదు.

అంత జాగ్రత్త ఉన్న మనిషి కూడా పెద్ద పొరపాటు చేశాడు. 1835 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఓడ గాలాపగోస్ దీవుల్లో ఆగింది. తాబేలును చూసి అది ఏ దీవిదో చెప్పగలనని అక్కడి అధికారి ఒకరు చెప్పినా డార్విన్ పెద్దగా పట్టించుకోలేదు. తాను పట్టిన ఫించ్ అనే చిన్న పిట్టలు ఏ దీవిలో దొరికాయో చాలావాటికి చీటీ రాయలేదు. లండన్ చేరాక, 1837లో జాన్ గూల్డ్ అనే పక్షుల నిపుణుడు అవి వేర్వేరు జాతులని తేల్చాడు. ఏది ఏ దీవిదో తెలిస్తే ఎంత విలువ! డార్విన్ దగ్గర ఆ వివరం లేదు. ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, మరికొందరు తాము పట్టిన పిట్టలకు చీటీలు కట్టుకున్నారు కాబట్టి వాళ్లను అడగాల్సి వచ్చింది. మాకింగ్‌బర్డ్ అనే పక్షులకు మాత్రం దీవి పేర్లు రాసుకున్నాడు. ఆయన పరువు నిలబెట్టినవి అవే.

తర్వాతి కాలంలో ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. తన ఆలోచనకు ఎదురుగా ఉన్న ఏ విషయం కనబడినా, వినబడినా వెంటనే, అక్కడికక్కడే రాసుకోవడం. నచ్చిన విషయాలు ఎలాగూ గుర్తుంటాయి, నచ్చనివే మనసులోంచి తొందరగా జారిపోతాయని ఆయన కనిపెట్టారు. డైరీ రాసేవాళ్లలో ఎంతమంది ఈ పని చేస్తారు? నా డైరీలో నేను గెలిచిన వాదనలే ఉన్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో మీరు నన్ను కాదని అన్నవేవీ అందులో లేవు. అది చూసుకుని నాకే నవ్వొచ్చింది.

1837 జులైలో, ఒక జాతి నుంచి మరో జాతి ఎలా వస్తుందన్న ప్రశ్నకు ఆయన ప్రత్యేకంగా ఒక నోట్‌బుక్ తెరిచారు. దాని 36వ పేజీలో కొమ్మలు చీలిన చెట్టులా ఒక గీత బొమ్మ ఉంటుంది. పైన, తానిలా అనుకుంటున్నానని మాత్రమే రాసుకున్నారు. తేల్చి చెప్పలేదు. ఇరవై ఏళ్ల పైచిలుకు తర్వాత వచ్చిన పుస్తకానికి విత్తనం ఆ పేజీలోనే ఉంది. ఆ నోట్‌బుక్ కేంబ్రిడ్జ్ లైబ్రరీలో 2001 నాటికి కనబడకుండా పోయి, 2022లో ఎవరో గులాబి రంగు గిఫ్ట్ బ్యాగులో పెట్టి లైబ్రరీలో వదిలేసి వెళితే దొరికింది. ఎవరు తీశారో, ఎవరు తెచ్చారో మరి!

పెళ్లి విషయంలోనూ కాగితమే. 1838లో చేసుకుంటే ఏమిటి, చేసుకోకపోతే ఏమిటి అని రెండు వరుసల్లో లాభనష్టాలు రాసుకున్నారు. చేసుకుంటే చదువుకు టైమ్ దొరకదని భయం, చేసుకోకపోతే ముసలితనంలో ఒంటరితనమని భయం. మరుసటి ఏడాది జనవరిలో అదే మేనమామ కూతురు ఎమ్మాను పెళ్లి చేసుకున్నారు. పెళ్లికి కొన్ని నెలల ముందు, ఆగస్టులో, జేబు సైజు జర్నల్ ఒకటి మొదలుపెట్టారు. ఏ పుస్తకం పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది, ఎన్ని రోజులు జబ్బుతో పోయాయి, ఇంట్లో ఎవరు పుట్టారు, అంతే. దాదాపు జీవితాంతం దాన్ని కొనసాగించారు. ఒక ఏడాదికి కొన్ని వాక్యాలే పడేవి. బహుశా అందుకే ఆగిపోలేదేమో.

1839 డిసెంబరు 27న మొదటి కొడుకు విలియం పుట్టాడు. డార్విన్ బీగిల్ మీద పక్షుల్ని చూసినట్టే బిడ్డను చూశారు. తొమ్మిదో రోజున కొవ్వొత్తి వైపు కళ్లు నిలిపాడు. నాలుగున్నర నెలల వయసులో, నాన్న వింత చప్పుళ్లు చేస్తే నవ్వేవాడు కాస్తా గురక చప్పుడు చేయగానే బిక్కమొహం వేసి ఏడ్చేశాడు. ఏడాది వయసులో తిండికి మమ్ అని సొంతంగా ఒక మాట పెట్టుకున్నాడు. రెండున్నరేళ్లు దాటాక, వద్దన్న పంచదార తిని భోజనాల గదిలోంచి వింతగా మెరిసే కళ్లతో బయటికొచ్చాడు. రెండు వారాలకు మళ్లీ అదే గదిలోంచి వచ్చాడు. బట్టల మీద కట్టే గుడ్డను జాగ్రత్తగా చుట్టి పట్టుకుని, అందులో ఏమీ లేదు, నువ్వు వెళ్లు అని నాన్నను గదిమాడు. విప్పి చూస్తే పచ్చడి మరకలు! డార్విన్ కొట్టలేదు. ఇది ప్లాన్ ప్రకారం చేసిన మోసం అని రాసుకున్నారు. ఆ నోట్‌బుక్‌లో మార్కులు లేవు, పక్కింటి పిల్లవాడితో పోలిక లేదు. ఉన్నదల్లా ఫలానా రోజు ఫలానాది చేశాడు అనే మాటే.

ఆయన్ను ఏళ్ల తరబడి వాంతులు, నీరసం వేధించాయి. ఏ డాక్టరూ కారణం తేల్చలేకపోయారు. మాల్వెర్న్ అనే ఊళ్లో చన్నీళ్ల వైద్యం చేయించుకుని, 1849 జులై నుంచి 1855 జనవరి వరకు రోజూ పగలు ఎలా ఉంది, రాత్రి ఎలా గడిచింది అని రాసి, బాగున్న రోజులకు గుర్తులు పెట్టి కూడుకునేవారు. తోటలో నడకకు కూడా లెక్కే. దారి పక్కన చెకుముకి రాళ్లు కుప్పగా పెట్టి, ఒక చుట్టు పూర్తయినప్పుడల్లా ఒక రాయిని కాలితో తన్నేవారు.

ఇక్కడి నుంచి రాయడం నాకు కొంచెం కష్టంగా ఉంది. 1841లో పుట్టిన ఆనీ ఆయన పెద్ద కూతురు. నాన్న తల దువ్వుతూ అరగంట కూర్చునేది. నాన్న కోసం దొంగతనంగా ముక్కుపొడి తెచ్చిచ్చేది. నడకలో ముందు పరుగెత్తి తిరిగి వచ్చేది. తొమ్మిదేళ్లప్పుడు జబ్బు పడింది. తనకు పనిచేసిందని డార్విన్ ఆ పాపకు కూడా చన్నీళ్ల వైద్యం మొదలుపెట్టి, ఏ రోజు ఎలా ఉందో నోట్స్ రాశారు. గుణం కనబడలేదు. 1851 మార్చిలో మాల్వెర్న్ తీసుకెళ్లారు. నిండు నెలలతో ఉన్న ఎమ్మా ఇంట్లోనే ఉండిపోయింది. పాపకు ఎక్కువైందని తెలిసి ఏప్రిల్‌లో డార్విన్ మళ్లీ వెళ్లి పక్కనే కూర్చున్నారు. గంట గంటకూ మారుతున్న పరిస్థితిని భార్యకు ఉత్తరాల్లో రాశారు. ఒక ఉత్తరంలో ఆశ, తర్వాతి దాంట్లో నిరాశ. ఏప్రిల్ 23న ఆనీ పోయింది. పదేళ్లు.

నోట్స్ రాసినందుకు పాప బతకలేదు. కానీ వారం తిరగగానే ఆయన మళ్లీ కలం పట్టుకున్నారు. ఆనీ ఎలా నవ్వేది, ఎలా నడిచేది, రెండు పుస్తకాల్లోని మాటల్ని పోల్చుకుంటూ ఎలా కూర్చునేది, అన్నీ కొన్ని పేజీల్లో రాసిపెట్టుకున్నారు. ఎమ్మా ఆ పాప రాత పెట్టెను, చిన్న చిన్న వస్తువులను దాచుకుంది. ఆ పెట్టె ఆ కుటుంబంలో ఒకరికి నూరేళ్లు దాటాక దొరికింది.

మిగతాది పుస్తకాల్లో దొరుకుతుంది. 1858 జూన్‌లో వాలెస్ నుంచి తనలాంటి ఆలోచనతోనే ఉత్తరం రావడం, అదే నెలలో ఏడాదిన్నర కొడుకు స్కార్లెట్ జ్వరంతో పోవడం, 1859 నవంబరు 24న జాతుల పుట్టుక మీద పుస్తకం రావడం. ఆ రాతప్రతి కాగితాల వెనకవైపు పిల్లలు బొమ్మలు గీసుకున్నారు. ముసలితనంలో రోజూ రాత్రి ఎమ్మాతో బ్యాక్‌గామన్ ఆడేవారు, పాచికలతో ఆడే ఆట. దానికి కూడా స్కోరు రాయకుండా ఉంటారా? 1876 నాటికి ఎమ్మా గెలిచినవి 2,490 ఆటలు, ఆయన గెలిచినవి 2,795.

1877లో ఒక పత్రికలో పసిపిల్లల మీద ఎవరో రాసిన వ్యాసం చదివి, ఆయన విలియం నోట్‌బుక్ బయటికి తీశారు. 37 ఏళ్ల పాతది. కొవ్వొత్తి, గురక, పచ్చడి మరకలు, అన్నీ అలాగే ఉన్నాయి. దాంతో రాసిన వ్యాసం మైండ్ అనే పత్రికలో వచ్చింది. అయిదేళ్లకు, 1882 ఏప్రిల్ 19న, ఆయన కన్నుమూశారు.

ఆ పిల్లల నోట్‌బుక్ ఇప్పుడు డార్విన్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడవచ్చు. ఆదివారం తీరిక దొరికితే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. చాలా పేజీల్లో ఉన్నది డార్విన్ చేతిరాత. ఆయన ఆపిన కొన్నిచోట్ల మరో చేతిరాత మొదలవుతుంది. అది ఎమ్మాది.