గోదావరి నెఱిగిన కాటన్ దొర

గౌతమీ వసిష్ఠ పాయల నడుమ, దక్షిణమున సముద్రము హద్దుగా వెలసిన సీమ కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల కొబ్బరితోటలను, వరిచేలను చూచువారికి ఒకనాడు ఈ సీమ అన్నమునకై అలమటించినదన్న మాట నమ్మశక్యము కాదు. కాని అది సత్యము. 1833 నాటి కరవు గోదావరీతీరమును సైతము పీడించెను. 1839 నవంబరులో వచ్చిన తుపానునకు సముద్రము పొంగి కోరంగి రేవును ముంచివేసెను. ఇట్టి ఉపద్రవములు ఒకదాని వెంట నొకటి రాగా, 1821లో 7,38,308గా నున్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5,61,041కి తగ్గెను.

ఈ దుఃస్థితికి మూలమును వెదకిన ఇంజనీరు ఆర్థర్ కాటన్. ఆయన 1803 మే 15న ఇంగ్లండులో జన్మించి, 1821లో మద్రాసు రాజధానికి ఉద్యోగియై వచ్చెను. కావేరీతీరమున ఆయనకు గురువైనది ప్రాచీన చోళుల కల్లణై ఆనకట్ట. రాతి పునాది దొరకని ఇసుకనేలపై కూడ గట్టి కట్టడము నిలుచునని ఆ పూర్వుల పనిని చూచి గ్రహించెను. 1836లో కొల్లిడము నదిపై ఆనకట్టలు కట్టించి ఆ విద్యను పరీక్షించుకొనెను.

పిమ్మట గోదావరీమండలమును పరిశీలించు భారము ఆయనపై బడెను. పాయలను, లంకలను, పల్లములను కొలిపించి చూడగా రెండు సంగతులు తేటపడెను. మొదటిది, వరదయు కరవును వేర్వేరు శత్రువులు కావు. ఇచ్చట వానలు తప్పిన యేటను, ఎగువ వానలచే నది నిండుగనే పాఱుచుండును. ఆ నీరు పొలములకెక్కు త్రోవ మాత్రము లేదు. రెండవది, నది ఏటేట తెచ్చు ఒండ్రుమట్టితో తన గట్లను తానే ఎత్తు చేసికొనును. గట్టునకు దూరమగుకొలది నేల పల్లమగును. అందుచేతనే గండి పడినపుడు వరదనీరు నదికి మరలక చేలలో నిలిచిపోవును. అందుచేతనే ఎత్తున త్రవ్విన కాలువనీరు తనంతట తానే చేలకు పాఱును. కీడు చేసిన వాలే మేలునకు సాధనమగునని కాటన్ కనిపెట్టెను.

1845లో ఆయన తన నివేదిక నర్పించెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని ప్రారంభమయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములను కలుపుచు నాలుగు భాగములుగా ఆనకట్ట లేచెను. మండుటెండలలో నిలిచి పనిచేయించిన కాటన్ ఆరోగ్యము చెడి, 1848లో సెలవుపై పోవలసివచ్చెను. పని మాత్రము ఆగలేదు. కెప్టెన్ ఆర్ భారము వహించెను; తెలుగువాడైన వీణెం వీరన్న కూలీలను కూర్చి అండగా నిలిచెను. కాటన్ తిరిగివచ్చిన పిదప 1852లో ఆనకట్ట పూర్తియయ్యెను. గన్నవరము వద్ద వైనతేయ పాయపై అక్విడక్టు కట్టబడి, నగరము లంకకు సైతము కాలువనీరు చేరెను.

ఆ ఆనకట్ట వరదను ఆపునది కాదు. నీటిమట్టమును పెంచి కాలువలకందించి, మిగిలిన నీటిని తనపైనుండి పోనిచ్చునది. కనుక ఊళ్లను కాచునది ఏటిగట్టే. గట్టును ఏమరినచో ఎట్లుండునో 1986 ఆగస్టు వరద చూపెను. 1996 నవంబరు 6 నాటి తుపాను, సముద్రమువైపునుండి వచ్చు ముప్పునకు కాలువలు అడ్డుకావని తెలిపెను.

కాటన్ 1861లో సర్ బిరుదమునొంది, 1899 జూలై 24న ఇంగ్లండులో మరణించెను. ఆయన ఆనకట్ట స్థానమున నేడు బ్యారేజీ ఉన్నది. అచ్చట నీరు 11.75 అడుగులకు చేరినపుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడును. ఆ అంకెల నెఱిగిన లంకవాసి పశువులను, పిల్లలను ముందుగానే గట్టు దాటించును. నదిని తిట్టుటకన్న, మ్రొక్కుటకన్న ముందు దానిని కొలిచి తెలిసికొనవలెనని కాటన్ జీవితము నేర్పిన పాఠము. కోనసీమ బాలురకు, బాలికలకు అది నేటికిని అవసరమైన పాఠమే.