శాసనమండలిలో జాషువా

మన అచ్చంపేట, వినుకొండ ఇప్పుడు ఒకే పల్నాడు జిల్లా. ఆ వినుకొండలోనే 1895లో గుర్రం జాషువా క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు. చిన్ననాటి నుంచే ఆయన అంటరానితనం చవిచూశారు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’లో గుడిలోకి రానివ్వని పేదవాడు కాశీలోని శివుడికి గబ్బిలంతో మొర పంపుకుంటాడు. గబ్బిలానికి గుడిలో అడ్డులేదు మరి!

1950లో రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి చట్టం శిక్షలు నిర్ణయించింది. అయినా మనసులు అంత త్వరగా మారలేదని మనకు తెలుసు. ఆరాధనలో ధనవంతునికి మంచి చోటు, పేదవానికి కాళ్ల దగ్గర చోటు చూపడాన్ని యాకోబు పత్రిక ఏనాడో తప్పుపట్టింది. మన సంఘాలు ఆ మాట విన్నాయా?

1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. అదే ఏడాది జాషువా రాష్ట్ర శాసనమండలి సభ్యులై, చట్టాలు చేసేవారి సరసన కూర్చున్నారు. 1971లో గుంటూరులో కన్నుమూశారు.